ఘాటు నూనె వెనక్కి

మా దీవిలోని బ్రూక్షాబాద్‌లో పాత బండి ఉన్న ప్రతివాడూ గేరు నూనె మార్చే ముందు నా గుమ్మం ఎక్కాల్సిందే. ఎక్కి, సీసా మూత తీసి నా ముక్కు కింద పెడతాడు. నేను ఒక్క పీల్పు పీల్చి “ఇది ముందుకి” అనో “ఇది వెనక్కి” అనో చెబుతాను. వాడు మళ్ళీ నోరెత్తడు. ముప్పై ఏళ్ళ పైచిలుకు హాడోలో ఒక వర్క్‌షాపులో బండ్ల కింద వెల్లకిలా పడుకుని సంపాదించుకున్న మర్యాద అది. ఎవడూ నాకు ఊరికే ఇవ్వలేదు.

డబ్బా మీద రాసి ఉంటుంది కదా, వాసన చూడడమేమిటని మెయిన్‌లాండ్ నుంచి వచ్చినవాళ్ళు నవ్వుతారు. డబ్బా ఉంటే కదా నాయనా చదవడానికి! కొత్త కార్లకి కావలసిన పల్చటి నూనెలు సీలు డబ్బాల్లో దొరుకుతాయి. పాత కార్ల నూనె మాత్రం ఓడలో పీపాల్లో వస్తుంది. దుకాణంవాడు దాన్ని మంచినీళ్ళ సీసాల్లోకి వంచి అమ్ముతాడు. స్కెచ్ పెన్నుతో పైన ఏదో రాస్తాడు. ఇంటికి చేరేసరికి సీసా అంచున కారిన నూనే ఆ రాతని కడిగేస్తుంది. ఈ దీవుల్లో మా అందరికీ తెలిసిన సంగతే ఇది, అయినా ప్రతిసారీ స్కెచ్ పెన్నుతోనే రాస్తారు, ప్రతిసారీ చెరిగిపోతుంది.

అసలు ఈ ముందూ వెనకా ఏమిటో చెప్పాలి. పాత అంబాసిడర్ లాంటి కారుకి గేరుబాక్సు ముందు ఉంటుంది, డిఫరెన్షియల్ వెనక ఇరుసు మధ్యలో గుండులా ఉంటుంది. రెండింటికీ తొంభై నంబరు నూనే. రంగు ఒకటే, చిక్కదనం ఒకటే. కానీ వెనక గుండులో పళ్ళచక్రాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జారతాయి. ఆ ఒరిపిడికి తట్టుకోవాలంటే నూనెలో గంధకం మందు దండిగా ఉండాలి. అలాంటి నూనె పేరు జీఎల్ ఐదు. ముందు గేరుబాక్సులో ఇత్తడి రింగులుంటాయి. ఆ గంధకం ఎక్కువైతే ఇత్తడిని తినేస్తుంది. పైగా ఆ నూనె మరీ జారుడు, రింగులకి పట్టు దొరకదు, గేరు మార్చినప్పుడల్లా బండి పళ్ళు కొరుకుతుంది. కాబట్టి ముందుకి మందు తక్కువున్న జీఎల్ నాలుగు వెయ్యాలి. పోనీ రెండింటికీ నాలుగే వేసేద్దామంటే వెనక గుండు అరిగి ఏడుస్తుంది. ఘాటు నూనె వెనక్కి, మెత్త నూనె ముందుకి. ఇంతే శాస్త్రం. ఏది ఘాటో ముక్కుకి తప్ప కంటికి తెలియదు.

ఇక మా మేనకోడలి సంగతి. మా అక్కకి ఒక్కతే కూతురు, స్కూల్లో లెక్కలు చెబుతుంది. లంబాలైన్‌లో ఇల్లు. మా బావ టాక్సీ నడిపేవాడు. తెల్ల అంబాసిడర్. ఆదివారం వస్తే చాలు, చర్చికి వెళ్ళేవాళ్ళు చర్చికి, గుడికి వెళ్ళేవాళ్ళు గుడికి, మా బావ కారు కిందకి. అక్క ఆయన చొక్కాల్ని మిగతా బట్టల్లో కలపనిచ్చేది కాదు. వేరే బకెట్లో నానబెట్టి, ముక్కు మీద కొంగు పెట్టుకుని ఉతికేది. “ఈ కంపు మనిషిని నా నెత్తిన కట్టారు” అని మా నాన్నని తిట్టేది. బావ పోయి మూడేళ్ళయింది. ఆయన పోయాక కారు షెడ్డులో దుమ్ము కొట్టుకుంటుంటే మేనకోడలు దాన్ని బయటికి తీసింది. ఆన్‌లైన్లో చూసి, నన్ను అడిగి, చేతులు కాల్చుకుని, ఒక్కొక్కటే నేర్చుకుని నడిపించింది. రోజూ దాన్లోనే స్కూలుకి.

అక్కకి ఆ కారు నచ్చదు. నచ్చదు అనకూడదేమో, దాన్ని చూసి తట్టుకోలేదు. “ఇది ఇంకొక్కసారి దారిలో ఆగిందంటే తుక్కు కొనే కబాడీవాడికి ఇచ్చీడమే, నువ్వు ఏడ్చినా సరే” అని కూతురికి తేల్చి చెప్పింది. మా అక్క మాట అంటే మాటే. పైగా గేరుబాక్సు పాడయితే బాగుచేయించే దారి లేదు. ఆ రింగులు ఇక్కడ దొరకవు, చెన్నైలోనూ దొరకడం కష్టం. అందుకే ఆ పిల్ల మిగతా ఏ పనయినా ధైర్యంగా చేసుకునేది గానీ, గేరు నూనె దగ్గర మాత్రం నన్ను అడక్కుండా చుక్క పొయ్యదు.

ఇప్పుడు నా సంగతి. పోయిన వానల్లో నాకు జ్వరం తగిలింది. నాలుగు రోజులు పడుకుని లేచాను. లేచాక కాఫీ తాగితే వేడి నీళ్ళు తాగినట్టుంది. కాఫీపొడి పాతదని మా ఆవిడ మీద ఎగిరాను. మర్నాడు పొయ్యి మీద ఎండుచేపలు మాడి ఇల్లంతా పొగ కమ్మింది. నేను పక్కనే పేపరు చూసుకుంటూ కూర్చున్నాను. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి గ్యాసు కట్టేసి నా మొహంలోకి చూసింది.

“మీకు వాసన రాలేదా?” అంది.

“వచ్చింది. నువ్వే చూసుకుంటావని ఊరుకున్నాను” అన్నాను.

“అబ్బో! ఉప్పు ఒక రవ్వ ఎక్కువైతే ఊరంతా వినపడేలా అరిచే మనిషి ఇల్లు తగలబడుతుంటే ఊరుకున్నాడట” అంది. ఆవిడకి తెలిసిపోయింది. తెలిసిందని నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను, ఎవరికీ చెప్పకుండా. కొన్నాళ్ళకి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు. అంతమాత్రం చెప్పడానికి డాక్టరెందుకు, నేనే చెబుతాను కదా! బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడ్డాను. చేపల బుట్టల ఆటో ఒకటి నన్ను రాసుకుంటూ పోయింది. ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది, ఉన్నమాట చెప్పాలి. ఆ తరవాత ఎవరైనా సీసా పట్టుకొస్తే జలుబనో, కళ్ళజోడు లేదనో ఏదో ఒక వంక పెట్టి తిప్పి పంపేవాణ్ణి. నూనె వాసన చూడడానికి కళ్ళజోడెందుకని ఒక్కడైనా అడగలేదు. నా మాట మీద వాళ్ళకి అంత గురి.

అక్క ఒకరోజు వంజరం చేపల పులుసు పంపింది. తిని ఫోన్ చేశాను. “అక్కా, గిన్నె మూత తియ్యకముందే వాసన వీధి దాకా వచ్చింది” అన్నాను. అక్క సంతోషపడింది. అబద్ధం అంత సులువుగా నోట్లోంచి వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం పొద్దున్న తెల్ల అంబాసిడర్ మా ఇంటి ముందు ఆగింది. మేనకోడలు డిక్కీలోంచి రెండు పెద్ద సీసాలు తీసింది.

“మావయ్యా, రెండు నూనెలూ తెచ్చీసాను. భయ్యా రాసే ఇచ్చాడు గానీ దార్లో రాత పోయింది. నీ ముక్కు ఉండగా నాకేటి భయం!” అంది నవ్వుతూ.

దుకాణం భయ్యా ఆ పొద్దునే పెళ్ళి పని మీద డిగ్లీపూర్ వెళ్ళాడట, వారం దాకా రాడు. ఫోన్ చేసినా ఏ సీసాలో ఏది పోశాడో ఎలా చెబుతాడు? రెండు సీసాలూ కవల పిల్లల్లా ఉన్నాయి. వారం ఆగుదామని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. జలుబు అంటే సరిపోయేది. కానీ ఆ పిల్ల అప్పటికే కారు కింద గోనెపట్టా పరిచి, చేతులు పైకి మడిచి, నా వైపే చూస్తోంది. అచ్చం వాళ్ళ నాన్న నిలబడ్డట్టే. ఆ మొహం ముందు నాకు ముక్కు లేదని చెప్పడానికి నోరు రాలేదు.

మొదటి సీసా పీల్చాను. ఏమీ లేదు. రెండోది పీల్చాను. ఏమీ లేదు. మొదటిది కొంచెం గొంతులో గుచ్చినట్టు అనిపించింది. అనిపించిందో, అనిపించాలని కోరుకున్నానో ఇప్పటికీ తెలియదు.

“ఇది ఘాటు. వెనక్కి” అన్నాను మొదటి సీసా మీద తట్టి. “రెండోది ముందుకి.”

“ఠీక్ హై!” అని కిందకి దూరింది. పాత నూనె దించింది, కొత్తది పోసింది, మూతలు బిగించింది. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని “ఇంకో పావు తిప్పు, అంత గట్టిగా కాదు, మర పోతుంది” అంటూ ఆజ్ఞలు ఇచ్చాను. నా గొంతు ఎప్పటిలాగే ఉంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. కారు వెళ్ళాక, “ముక్కు మీద కోపం అలాగే ఉంది, ముక్కు లేకపోయినా” అని లోపలికి పోయింది. నేను మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు.

రెండు నెలలు గడిచాయి. అంతా బాగానే ఉందని నాకు నేను చెప్పుకోవడం కూడా అలవాటైంది. సగానికి సగం అవకాశం కదా, సరిగ్గానే పడి ఉంటుందిలే అనుకున్నాను. ఒక శనివారం మధ్యాహ్నం వీధి మలుపు దగ్గర కారు రావడం వినపడింది. చూడ్డానికి ముందే విన్నాను. వెనక గుండు సన్నగా మూలుగుతోంది. మలుపులో రెండో గేరు వేసినప్పుడు కర్రుమని పళ్ళు కొరికింది. వెనక ఏడుపు, ముందు కొరుకుడు. రెండూ తారుమారైతే తప్ప ఆ రెండు చప్పుళ్ళూ ఒకేసారి రావు. నా ముక్కు పోయింది గానీ చెవులు పోలేదు కదా. నేను చేసింది నాకు మలుపు దగ్గర్నుంచే వినపడింది.

మేనకోడలు ఇంజను కట్టేయకుండానే దిగింది. మొహం ఎర్రగా ఉంది.

“మావయ్యా, నడు. హాడో వెళ్దాం. ఆ భయ్యా కల్తీ నూనె అంటగట్టాడు. నిన్న పైలోన్ మిట్ట ఎక్కుతుంటే గేరు పడక దారి మధ్యలో ఆగిపోయాను. వెనక లైనంతా హారన్లు. అమ్మకి తెలిసిపోయింది. కబాడీవాణ్ణి పిలిపించింది. వాడొచ్చి నాన్న కారు చుట్టూ తిరిగి చూసి వెళ్ళాడు. సోమవారం బండి తెస్తానన్నాడు.” ఊపిరి తీసుకుని, “నువ్వు వచ్చి నిలబడు, చాలు. నువ్వు చెబితే వాడు కాదనలేడు” అంది.

మా ఆవిడ నా చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది. కారులో హాడో దాకా ఆ మూలుగు నా వీపులోకే ఎక్కుతున్నట్టుంది. చెప్పేద్దామని మూడుసార్లు గొంతు సవరించుకున్నాను. మూడుసార్లూ రోడ్డు గురించి మాట్లాడాను.

దుకాణంలో ఇద్దరు డోంగీ పడవలవాళ్ళు ఇంజను నూనె కోసం నిలబడి ఉన్నారు. ఇద్దరూ నన్ను ఎరుగుదురు. మేనకోడలు కౌంటరు మీద చెయ్యి వేసి మొదలుపెట్టింది. హిందీలో సగం, తెలుగులో సగం, మధ్యలో టీచరమ్మ గొంతు. ఎన్నాళ్ళ నుంచి ఈ వ్యాపారం, ఎంతమంది కార్లు ఇలా పాడుచేశావు అంటూ కడిగేసింది. భయ్యా వయసులో నాకంటే చిన్నవాడు, గట్టిగా మాట్లాడని మనిషి. తెల్లబోయాడు.

“దీదీ, కసమ్ సే, నేను రెండు పీపాల్లోంచి వేరువేరుగా పోసి ఇచ్చాను. నూనె అసలైనది” అన్నాడు. అని నా వైపు తిరిగి, “సాబ్, మీరు వాసన చూశారు కదా. మీరే చెప్పండి. నా నూనె ఖరాబా?” అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. డోంగీవాళ్ళలో ఒకడు, “ఆయన చెబితే అయిపోయింది” అన్నాడు. నిజమే, అయిపోయేది. నేను ఖరాబు అంటే ఆ మనిషి దుకాణానికి మా వీధి నుంచి ఒక్కడు కూడా మళ్ళీ వెళ్ళడు. నా ముక్కు నిలబడుతుంది. కారు సోమవారం కబాడీకి పోతుంది, ఎందుకంటే కల్తీ నూనె తిన్న గేరుబాక్సు మీద ఎవరూ ఆశ పెట్టుకోరు.

“నీ నూనె మంచిదే భయ్యా” అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది. “తప్పు నాది. ముందుది వెనక, వెనకది ముందు పోయించాను. నాకు వాసన రాదు. జ్వరం వచ్చినప్పట్నుంచీ ఏ వాసనా రావడం లేదు. ఆ రోజు చెప్పింది ఉత్త ఊహ.”

భయ్యా గబగబా ఒక స్టూలు తెచ్చి “బైఠియే సాబ్” అన్నాడు.

“పోయింది ముక్కయ్యా, కాళ్ళు కాదు!” అని కసిరాను. వెంటనే సిగ్గేసింది. ఆయన్ని మాట పడనిచ్చింది నేను, మళ్ళీ ఆయన మీదే అరిచింది నేను. “మాఫ్ కరో భయ్యా” అన్నాను. ఆ మాట ఎవరికైనా చెప్పి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. మేనకోడలు కూడా ఆయనకి క్షమాపణ చెప్పింది. నా వైపు మాత్రం చూడలేదు.

మళ్ళీ రెండు నూనెలూ తీసుకున్నాం. భయ్యా స్కెచ్ పెన్ను తీస్తుంటే వద్దన్నాను. మేకు తీసుకుని ఘాటు నూనె సీసా అడుగున ఒక గీత గియ్యమన్నాను. ఇన్నేళ్ళలో ఈ చిన్న పని మాలో ఎవడికీ ఎందుకు తోచలేదో! నా ముక్కు ఉండబట్టి తోచలేదు.

తిరుగు ప్రయాణంలో సగం దూరం వచ్చాక ఆ పిల్ల, “అమ్మ పంపిన పులుసు?” అంది.

“పుల్లగా ఉందని తెలిసింది. వాసన లేదు.”

“వీధి దాకా వచ్చిందన్నావట.”

“మీ అమ్మతో ఇంకేం చెప్పమంటావు?”

నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. “ముక్కు పోయినందుకు నాకు జాలిగానే ఉంది మావయ్యా. కానీ ఇది నాన్న కారని తెలిసి కూడా ఊహించి చెప్పావు. తెలీదని ఒక్క మాట అంటే నీకేటి పోయేది?” అంది. ముప్పై ఏళ్ళలో నన్ను అలా నిలదీసినవాడు లేడు. “మీ అమ్మతో నేను మాట్లాడతాను, సోమవారం ఆ కబాడీవాడు రాకుండా చూసే పూచీ నాది” అన్నాను. ఇంటికి రాగానే అక్కకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. అక్క నన్ను పావుగంట తిట్టింది. పులుసు సంగతి చెప్పాక ఇంకో పది నిమిషాలు తిట్టింది. చివర్లో, “సరే, నూనె మార్చి చూడండి. గేరు సక్రమంగా పడితే ఉంచుతాను. లేపోతే సోమవారమే” అని ఫోన్ పెట్టేసింది.

గేరుబాక్సు మూత విప్పితే నూనె పళ్ళెంలోకి దిగింది. ఎండలో పెట్టి చూశాను. అందులో బంగారు రజనులా సన్నటి మెరుపు. ఇత్తడి. నా మాట మీద అరిగిన ఇత్తడి. అయినా ముక్కలు లేవు, రజనే. వేళ్ళతో కలియబెట్టి చూసి, రింగులు దెబ్బ తిన్నాయి గానీ చావలేదని నిర్ణయించుకున్నాను. ఆ మాట మాత్రం ఊహ కాదు. అది చేతికి తెలిసే సంగతి, నా చేతులు ఇంకా నావే.

“ఇప్పుడు నువ్వు చూడు” అన్నాను. కొత్త సీసాలు రెండూ గోనెపట్టా కింద పెట్టి అటూ ఇటూ మార్చి బయటికి తీశాను.

“గీత ఉంది కదా అడుగున?”

“గీత భయ్యా కోసం. ముక్కు నీ కోసం. రేపు నేను లేకపోతే ఎవణ్ణి అడుగుతావు? మూత తీసి, నోరు మూసుకుని, మెల్లగా పీల్చు. ఏమనిపిస్తే అది చెప్పు.”

ఇంకా కోపంగానే ఉంది. విసురుగా మొదటి మూత తీసి పీల్చింది. “నూనె వాసన” అంది.

“అదెలాగూ నూనే. ఇంకా?”

“ఇంకేటీ లేదు. కొంచెం మైనం లాగ.”

రెండోది తీసింది. ముక్కు దగ్గరికి తెచ్చి, వెనక్కి జరిపి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. గీసిన అగ్గిపుల్ల లాగ ఉందని చెబుతుందనో, మురిగిన గుడ్డు అంటుందనో ఎదురుచూస్తున్నాను. ఆ పిల్ల కళ్ళు మూసుకుంది.

“మావయ్యా” అంది. “ఇది నాన్న చొక్కా.”

నేను కూడా ఆ సీసా తీసుకుని పీల్చాను. గట్టిగా, ఛాతీ నిండా. నాకేమీ రాలేదు. సీసా తిరిగి ఆ పిల్ల చేతిలో పెట్టాను.

“అదే వెనకది. పొయ్యి” అన్నాను. అడుగున గీత చూడలేదు.